తాజా బేగెల్‌ను టోస్ట్ చేయించాలా? ముందు అది ఓవెన్ నుంచి ఎప్పుడు దిగిందో అడగండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: న్యూజెర్సీకి కొత్తగా వచ్చారు. పొద్దున్నే ఒక షాపులో ఎవ్రీథింగ్ బేగెల్ (బేగెల్ అంటే నీళ్లలో ఉడికించి కాల్చే రింగు రొట్టె, ఎవ్రీథింగ్ అంటే దాని మీద గసగసాలు, ఎండు వెల్లుల్లి, ఎండు ఉల్లి లాంటివి చల్లినది) తీసుకుని టోస్ట్ చేసి ఇమ్మంటే, కౌంటర్‌లో ఉన్నాయన "ఇప్పుడే దిగింది, దీన్ని టోస్ట్ చేయను" అన్నాడు. మీ ఆఫీసులో మాత్రం అందరూ టోస్ట్ చేయించుకునే తింటున్నారు. తాజా బేగెల్‌ను అసలు ఎప్పుడైనా టోస్ట్ చేయొచ్చా అని ఒకటి, డజను తెచ్చుకుంటే ఇంట్లో ఎలా ఉంచుకోవాలని ఇంకొకటి అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఓవెన్ నుంచి దిగి నాలుగైదు గంటలు దాటని మంచి బేగెల్‌ను టోస్ట్ చేయకండి. అంతకన్నా ఎక్కువసేపు అయితే మీ ఇష్టం. మర్నాటిదైతే తప్పకుండా చేయండి. ఆరోజుదే అయినా సరిగ్గా తయారుచేయనిదైతే నిరభ్యంతరంగా టోస్ట్ చేయించుకోండి, దానికి అదే మేలు. కాబట్టి టోస్ట్ చేయాలా వద్దా అన్నది బేగెల్ వయసును బట్టి, దాన్ని చేసిన పద్ధతిని బట్టి తేలాలి.

నేను ఉత్తర న్యూజెర్సీలో బేగెల్ షాపుల్లో పదేళ్లకు పైగా పనిచేస్తున్నాను. ఎక్కువగా రాత్రి షిఫ్టు, ఓవెన్ దగ్గర. కింద చెప్పేదంతా ఆ పనిలో చూసింది, నేర్చుకున్నది.

ముందు బేగెల్ ఎలా తయారవుతుందో చెప్పాలి, అది తెలియకపోతే మిగతాది ఆ షాపాయన మొండితనంలాగే కనిపిస్తుంది. దీనికి వాడే మైదాలో ప్రొటీన్ ఎక్కువ, 14 శాతం దాకా ఉంటుంది. నీళ్లు తక్కువ పోస్తాం, కిలో పిండికి అరలీటరు పైన కొంచెం, అంతే. కాబట్టి ముద్ద చాలా గట్టిగా ఉంటుంది, మామూలు మిక్సర్ మోటారు దాన్ని తట్టుకోలేదు. అందులో ఉప్పు, కొద్దిగా ఈస్ట్, బార్లీ మాల్ట్ (మొలకెత్తించిన బార్లీతో చేసే తీపి పాకం) పడతాయి. రింగులుగా చుట్టి, ట్రేల్లో పేర్చి, రాత్రంతా చల్లటి గదిలో 4 డిగ్రీల దగ్గర ఉంచుతాం (నేను చెప్పే డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే). ఆ పన్నెండు గంటల పైచిలుకు సమయంలో పిండి నెమ్మదిగా పులుస్తుంది. రుచి అంతా అప్పుడే పుడుతుంది. బేగెల్ పైన సన్నటి బుడిపెల్లా కనిపించే బుడగలు కూడా ఈ చల్లటి పులియబెట్టడం వల్లే వస్తాయి.

తెల్లవారుజామున వాటిని తీసి మరిగే నీళ్లలో వేస్తాం, రెండు వైపులా కలిపి దాదాపు ఒక నిమిషం. ఆ నీళ్లలోనూ మాల్ట్ కలుపుతాం. ఈ ఉడకడంతో పైనున్న పిండిపదార్థం జిగురుగా మారి ఒక పొర కడుతుంది. ఆ పొర వల్ల ఓవెన్‌లో బేగెల్ మరీ పొంగకుండా లోపల బిగువుగా ఉంటుంది, పైన నిగనిగలాడుతుంది. తర్వాత తడి గోనెగుడ్డ కట్టిన చెక్కపలకల మీద పేర్చి, 230 నుంచి 260 డిగ్రీల వేడి ఓవెన్‌లోకి పంపుతాం. మూడు నాలుగు నిమిషాలకు పలకల మీంచి నేరుగా ఓవెన్ అడుగునున్న రాతి మీదకు తిరగేస్తాం.

ఇదంతా అయ్యాక బయటికి వచ్చే బేగెల్‌కు పైన పల్చటి కరకరలాడే పొర, లోపల తడిగా, సాగే మెత్తదనం ఉంటాయి. ఈ రెండింటి మధ్య తేడానే బేగెల్. అది ఎక్కువసేపు నిలవదు. గంటలు గడిచేకొద్దీ లోపలి తడి పైపొరలోకి చేరుతుంది, పొర తోలులా మెత్తబడుతుంది, లోపలి భాగం గట్టిపడుతుంది.

తాజా బేగెల్‌ను కోసి టోస్టర్‌లో పెడితే ఏమవుతుంది? కోసిన ముఖం మీది తడి ఎగిరిపోతుంది. అప్పటికే సరిగ్గా కాలిన పైపొర రెండోసారి కాలి పెంకులా తయారవుతుంది. కొరికితే చిగుళ్లకు గుచ్చుకుంటుంది. మాల్ట్‌ది, రాత్రంతా పులిసిన పిండిది ఒక సన్నటి తీపి వాసన ఉంటుంది. దాని మీద మాడు వాసన వచ్చి కూర్చుంటుంది. మీరు తీసుకున్న ఎవ్రీథింగ్ బేగెల్ విషయంలో ఇది మరీ ఎక్కువ. దాని మీదుండే ఎండు వెల్లుల్లి, ఎండు ఉల్లి ముక్కలు ఓవెన్‌లోనే ఎర్రగా వేగి ఉంటాయి. టోస్టర్‌లో ఇంకోసారి వేడి తగిలితే వెల్లుల్లి చేదెక్కుతుంది. గసగసాలు రాలి టోస్టర్ అడుగున మాడి, తర్వాత వచ్చేవాళ్ల బేగెల్‌కు కూడా ఆ వాసన అంటిస్తాయి. కౌంటర్ వెనక నిలబడేవాళ్లకు ఇది రోజూ అనుభవమే.

పైన రాసే క్రీమ్ చీజ్ సంగతీ చూడాలి. చల్లటి క్రీమ్ చీజ్ మందంగా, బేగెల్ మీద నిలబడి ఉండాలి. వేడి వేడి టోస్ట్ మీద అది కరిగి, నడిమి రంధ్రంలోంచి కారి కాగితంలోకి పోతుంది. పొగబెట్టిన సాల్మన్ చేప పెట్టించుకునేవాళ్లకు ఇంకా నష్టం, చేప వెచ్చబడి నూనె వదులుతుంది, వాసన మారిపోతుంది. సాల్మన్ పెట్టించుకుంటే మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ టోస్ట్ వద్దనే చెప్తాను.

"మరి అందరూ టోస్ట్ ఎందుకు అడుగుతారు?" దానికి ఒక చరిత్ర ఉంది. బేగెల్ పోలండ్ యూదులది. క్రాకోవ్‌లోని యూదు సమాజం 1610లో రాసుకున్న నియమాల్లోనే దాని ప్రస్తావన ఉంది. వలస వచ్చినవాళ్లతో న్యూయార్క్ చేరింది. అక్కడ చాలా ఏళ్ల పాటు చేత్తో చుట్టే పనివాళ్ల యూనియన్, లోకల్ 338, ఈ పని మొత్తాన్ని నడిపింది. అప్పట్లో బేగెళ్లు చిన్నవి, రోజుకు రోజు చేసి అమ్మేవి. పొద్దున కొని పొద్దునే తినేవాళ్లకు టోస్టర్‌తో పనిలేదు.

తర్వాత రెండు మార్పులొచ్చాయి. డేనియల్ థాంప్సన్ అనే ఆయన తయారుచేసిన బేగెల్ చుట్టే యంత్రాన్ని 1963లో న్యూ హేవెన్‌లోని లెండర్స్ కంపెనీ అద్దెకు తీసుకుంది. అదే కంపెనీ బేగెళ్లను గడ్డకట్టించి, ముందే కోసి, సంచుల్లో పెట్టి దేశమంతటా సూపర్ మార్కెట్లకు పంపింది. 1984లో ఆ కంపెనీని క్రాఫ్ట్ అనే పెద్ద ఆహార కంపెనీ కొనేసింది. అమెరికాలో చాలామంది బేగెల్‌ను మొదట చూసింది ఆ ఫ్రీజర్ సంచిలోనే. గడ్డకట్టిన బేగెల్‌ను టోస్ట్ చేయకుండా తినలేరు కదా. అలా బేగెల్ అంటే టోస్టర్‌లో పెట్టేదే అన్న అలవాటు పడిపోయింది. తాజా బేగెల్ షాపు పక్కనే ఉన్నా ఆ అలవాటు పోలేదు. మీ ఆఫీసు స్నేహితులది తప్పని నేను అనను, వాళ్లు నేర్చుకున్న బేగెల్ వేరు, అంతే.

న్యూయార్క్ షాపులు కొన్ని దీనికి ఎదురు నిలబడ్డాయి. గ్రీనిచ్ విలేజ్‌లో 1996లో మొదలైన మర్రీస్ బేగెల్స్ చాలాకాలం టోస్ట్ చేయమనే నియమం పెట్టుకుని, తర్వాత సడలించింది. కెనడాలోని మాంట్రియల్‌లో అయితే ఈ చర్చే పెద్దగా ఉండదు. అక్కడి బేగెళ్లు చిన్నవి, తేనె నీళ్లలో ఉడికించి కట్టెల ఓవెన్‌లో కాల్చేవి. జనం వేడివేడి సంచి పట్టుకుని, కోయకుండా, చేత్తో తుంచుకుని వీధిలోనే తింటారు. సెయింట్ వియాటర్, ఫెయిర్‌మౌంట్ షాపుల దగ్గరికి ఎప్పుడైనా వెళ్తే అలాగే తినండి.

ఇక అసలు చిక్కు "తాజా" అనే మాట దగ్గర ఉంది. బోర్డు మీద ఫ్రెష్ అని రాసినంత మాత్రాన తాజా కాదు. పొద్దున 5కి కాల్చినదాన్ని మధ్యాహ్నం 2కి అమ్మినా ఆరోజుదే అంటారు, అది అబద్ధం కాదు, కానీ ఆ బేగెల్ వేరు. "ఇది ఎన్నింటికి దిగింది?" అని అడగండి. మంచి షాపులో ఈ ప్రశ్నకు ఎవరూ విసుక్కోరు. ఇంకా మంచి ప్రశ్న ఉంది: "ఇప్పుడు వేడిగా ఏమున్నాయి?" మీరు సెసమీ (నువ్వులది) అనుకుని వెళ్లినా ప్లెయిన్ అప్పుడే దిగితే ప్లెయిన్ తీసుకోండి. చల్లారిన ఇష్టమైన రకాన్ని టోస్ట్ చేయించుకోవడం కంటే, వేడిగా దిగిన వేరే రకం తినడం ఎప్పుడూ మెరుగే.

అలాగని ఓవెన్‌లోంచి తీసిన క్షణంలోనే కోయకూడదు. లోపల ఇంకా ఆవిరి ఉంటుంది, అప్పుడే కోస్తే పిండి కత్తికి అంటుకుని జిగటగా ఉంటుంది, పచ్చిగా అనిపిస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగితే లోపలి భాగం కుదురుకుంటుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు కోస్తే సరిగ్గా ఉంటుంది. ఆగలేకపోతే కోయకుండా తుంచుకు తినండి.

రెండో చిక్కు తయారీది. చాలాచోట్ల ఇప్పుడు నీళ్లలో ఉడికించడం మానేసి, ఆవిరి చిమ్మే ఓవెన్లలో కాలుస్తున్నారు. పని తక్కువ, మనుషులు తక్కువ. అది రంధ్రమున్న బన్ను అవుతుంది. గుర్తుపట్టడం తేలికే. తిరగేసి అడుగు చూడండి, జాలీలాంటి చారలు లేదా చుక్కలు వరుసగా ఉంటే ట్రే మీద ఆవిరితో కాల్చినదయ్యే అవకాశం ఎక్కువ. పైన నిగారింపు, చిన్న బుడగలు ఉంటే ఉడికించినది. వేళ్లతో నొక్కితే బన్నులా అణిగిపోకూడదు, ఎదురు రావాలి. ఆవిరి బేగెల్ అయితే అది పావుగంట కిందే దిగినా టోస్ట్ చేయించుకోండి. దానికి లేని పైపొరను టోస్టర్ కొంతవరకు ఇస్తుంది. హైదరాబాద్ కెఫేల్లో గానీ ఇక్కడి కాఫీ చెయిన్లలో గానీ మీకు బేగెల్ దొరికితే ఇదే పరీక్ష చేసి నిర్ణయించుకోండి.

ఇక మినహాయింపులు. నిజంగా తాజా బేగెల్‌కు కూడా వేడి తగిలించే సందర్భాలు నా లెక్కలో కొన్ని ఉన్నాయి.

ఒకటి, గుడ్డు, చీజ్ పెట్టే శాండ్‌విచ్. అక్కడ టోస్టర్ వద్దు, పెనం కావాలి. బేగెల్‌ను కోసి, కోసిన వైపు మాత్రం కొద్దిగా వెన్న రాసిన వేడి గ్రిడిల్ మీద అర నిమిషం ఆన్చాలి. లోపలి ముఖం మీద సన్నటి పొర కడుతుంది, గుడ్డు తడికి బేగెల్ నానిపోదు. బయటి పైపొరకు వేడి తగలదు కాబట్టి అది చెడదు. మా షాపులో ఇలాగే చేస్తాం. వేరే షాపుల్లో "గ్రిడిల్ మీద, కోసిన వైపు మాత్రమే" అని అడిగితే చాలాచోట్ల చేసిస్తారు.

రెండు, ఉత్త వెన్న రాసుకునేవాళ్లు. వెన్న కరిగి లోపలికి ఇంకాలంటే వేడి కావాలి. బేగెల్ ఇంకా వెచ్చగా ఉంటే ఆ వేడే చాలు. చల్లారితే లేతగా టోస్ట్ చేయించుకోవచ్చు, రంగు మారకముందే తీసేయమని చెప్పండి.

మూడు, పళ్లు గట్టిగా లేని పెద్దవాళ్లు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ల కుటుంబాల్లో తరచుగా చూస్తున్నాను. వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు, పిల్లలు ముచ్చటపడి బేగెల్ షాపుకు తీసుకొస్తారు. మొదటి ముక్కకే ఆవిడ "సాగుతోందిరా, నమలలేను" అంటారు. వెంటనే కొడుకు టోస్ట్ చేయమంటాడు. టోస్ట్ చేస్తే ఇంకా గట్టిపడుతుంది, పాపం ఆవిడ పక్కన పెట్టేస్తారు. అలాంటప్పుడు నేను టోస్టర్ జోలికి పోను. తడిపి పిండిన పేపర్ టవల్‌లో బేగెల్‌ను చుట్టి మైక్రోవేవ్‌లో పదిహేను సెకన్లు పెట్టి ఇస్తాను. మెత్తగా అవుతుంది, వెంటనే తినేయాలి, చల్లారితే మాత్రం రబ్బరే. ఇంకో మాట, మీ ఇంట్లో గుడ్డు తినని వాళ్లుంటే ఎగ్ బేగెల్ తీసుకోకండి, అది పసుపు రంగులో ఉంటుంది. మామూలు బేగెల్‌లో సాధారణంగా గుడ్డు ఉండదు, అయినా షాపులో ఒకసారి అడగడం మంచిది.

అన్నీ తెలిసి కూడా మీకు టోస్ట్ చేసిన బేగెలే ఇష్టమనుకోండి, అప్పుడు తినేవాళ్ల మాటే చెల్లాలి. డబ్బిచ్చి కొన్న మనిషికి కాదనడం నాకు నచ్చదు. ఎవరైనా వేడి బేగెల్ టోస్ట్ చేయమంటే, నేను ఒక ముక్క తుంచి చేతికిచ్చి "ఇలా ఒకసారి చూడండి, అప్పటికీ కావాలంటే చేసిస్తాను" అంటాను. చాలామంది అలాగే ఉంచేయమంటారు. కొందరు అప్పటికీ టోస్టే అడుగుతారు, చేసిస్తాను. మీ షాపాయన ఆ ముక్క చేతికిచ్చి ఉంటే ఇంత టెన్షన్ ఉండేది కాదు. కానీ ఆయన చెప్పిన మాట మాత్రం సరైనదే.

ఇక ఇంట్లో ఉంచుకోవడం. ఫ్రిజ్‌లో అస్సలు పెట్టకండి. చాలామంది చేసే పని ఇదే, బేగెల్‌కు ఇంతకంటే హాని లేదు. కాలినప్పుడు మెత్తబడిన పిండిపదార్థం, చల్లబడ్డాక మళ్లీ గట్టిగా పేరుకోవడం మొదలుపెడుతుంది. ఫ్రిజ్ చలిలో ఇది బయటికంటే వేగంగా జరుగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాడు పుల్లల్లా అవుతుంది కదా, అదే ఇది. ఆ అన్నాన్ని కొద్దిగా నీళ్లు చల్లి వేడి చేస్తే మళ్లీ మెత్తబడినట్టే, పాతబడిన బేగెల్ కూడా లోపల 60 డిగ్రీలు దాటి వేడెక్కితే తిరిగి మెత్తబడుతుంది. టోస్ట్ అసలు ఉపయోగం ఇక్కడే. ఫ్రీజర్ చలిలో మాత్రం ఈ గట్టిపడటం దాదాపు ఆగిపోతుంది, కాబట్టి పెడితే ఫ్రీజర్‌లోనే పెట్టాలి.

డజను తెచ్చుకున్నారనుకోండి. (చాలా షాపుల్లో డజనుకు పదమూడు ఇస్తారు, లెక్క చూసుకోండి. న్యూయార్క్ రాష్ట్రంలో అయితే కోయకుండా ఇంటికి తీసుకెళ్తే సేల్స్ ట్యాక్స్ పడదు, కోయించినా, టోస్ట్ చేయించినా, ఏమైనా రాయించినా పడుతుంది.) వేడిగా ఉన్నవాటిని ప్లాస్టిక్ సంచిలో కట్టకండి, ఆవిరికి పైపొర తడిసి నాశనమవుతుంది. కాగితం సంచి మూతి తెరిచి ఉంచండి. ఆరోజు తినేవి బయట పెట్టండి. మిగిలినవి పూర్తిగా చల్లారగానే, అదే రోజు, అడ్డంగా రెండుగా కోసి ఒక్కొక్కటి విడిగా చుట్టి ఫ్రీజర్ కవర్లో పెట్టండి. మర్నాడు చూద్దాంలే అనుకుంటే పాతబడినదాన్ని దాచినట్టవుతుంది. కోసి ఎందుకంటే, గడ్డకట్టిన బేగెల్‌ను కత్తితో కోయబోయి వేళ్లు కోసుకున్నవాళ్లను చూశాను. నెల రోజుల్లో తినేయడం మంచిది.

ఫ్రీజర్‌లోంచి తీసినవి కరిగేదాకా ఆగనక్కర్లేదు, నేరుగా టోస్టర్‌లో పెట్టండి. కోయకుండా దాచినవైతే బయట కరగనిచ్చి, కుళాయి కింద ఒక్క క్షణం తడిపి, 180 డిగ్రీల ఓవెన్‌లో ఐదారు నిమిషాలు ఉంచండి. పైపొర మళ్లీ కరకరలాడుతుంది, లోపల మెత్తబడుతుంది, మొదటి రోజుకు చాలా దగ్గరగా వస్తుంది. ఒక్కసారికే ఇది పనిచేస్తుంది, రెండోసారి వేడి చేస్తే గట్టిపడిపోతుంది.

మా ఇంట్లో మర్నాటి బేగెల్‌కు టోస్టర్ వాడం. ఇనప పెనం సన్నటి మంట మీద పెట్టి, కొద్దిగా నెయ్యి వేసి, కోసిన వైపు కిందికి ఉండేలా ఆన్చి, పక్కన రెండు చుక్కల నీళ్లు చల్లి మూత పెడతాం. రెండు నిమిషాల్లో కింద ఎర్రగా, పైన మెత్తగా వస్తుంది. దాని మీద కారప్పొడి చల్లుకుంటే మా పిల్లలకు క్రీమ్ చీజ్ గుర్తుకే రాదు. ఇండియాకు వెళ్లేటప్పుడు కొందరు బంధువుల కోసం పట్టుకెళ్తుంటారు, వాళ్లకూ ఈ పద్ధతే చెప్తాను. ముందురోజు గడ్డకట్టించి, బట్టల మధ్య పెట్టి తీసుకెళ్తే ఇల్లు చేరేసరికి కరిగి ఉంటాయి. మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకుండా ఆరోజే పెనం మీద ఇలా కాల్చి పెట్టేయాలి. క్రీమ్ చీజ్ మాత్రం మోసుకెళ్లకండి, అంత దూరం బయట ఉంటే పాడవుతుంది. ఇంట్లో వడగట్టిన గట్టి పెరుగులో ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లికాడలు కలిపితే దాని పనికి సరిపోతుంది.